రెండు గుర్రాలకు సరిపడే బండి

మా ఆయన తుంటి విరిగిన ఏడాది వరకూ మాకు బండితో పని పడలేదు. పెళ్ళి ఊరేగింపులకు గుర్రాలను ఇవ్వడం మా జీవనం. మాకు రెండున్నాయి. తెల్లది ఆడది, ఎర్రది మగది. కేజీఎఫ్ చుట్టుపక్కల ఏ ఊళ్ళో పెళ్ళి ఉన్నా ఆయన ముందుగానే బయలుదేరి, రెండు పగ్గాలూ చేత పట్టుకుని నడిపించుకుంటూ పోయేవాడు. క్యాసంబళ్ళికి ఒక పూట, కోలారుకు ఒక పగలు. దారిలో నీళ్ళు ఎక్కడ దొరుకుతాయో, కుక్కలు ఎక్కడ ఎక్కువో ఆయనకు తెలుసు. ఒకరోజు కొట్టం కడుగుతూ తడినేల మీద జారి పడ్డాడు. డాక్టర్లు స్టీలు ముక్క వేసి నిలబెట్టారు గానీ, వీధి చివరి దాకా పోవాలన్నా చేతికర్ర ఉండాల్సిందే అన్నారు.

ఆ తర్వాత బాడుగ బండ్లు పెట్టాం. పెళ్ళివాళ్ళు ఇచ్చేదాంట్లో మూడో వంతు వాటికే పోయేది. దానికైనా ఓర్చుకున్నాను. రెండో నెలలో ముళబాగిలు వైపు పోతుంటే ఒక మలుపులో, బండి నేలకున్న నున్నటి ఇనుపరేకు మీద తెల్లదాని కాళ్ళు జారాయి. పడింది. లేవడానికి చోటు లేక అలాగే కొట్టుకుంది. మోకాళ్ళు రెండూ చెక్కుకుపోయాయి. గాయాలు మానాయి కానీ ఆ రోజు నుంచి అది ఏ బండి వెనక తలుపు చూసినా చెవులు వెనక్కి పెట్టి అక్కడే పాతుకుపోయేది.

హొసకోటె దగ్గర గుర్రాలు పెంచే ఒకాయన ఆ సంగతి విని ఫోన్ చేశాడు. రెండిటినీ కలిపి కొంటానన్నాడు. మంచి ధరే చెప్పాడు. శ్రావణంలో మొదటి శుక్రవారం వచ్చి బయానా ఇస్తానన్నాడు.

“ఇచ్చేద్దామే. దాన్ని ఇంగోసారి పడనియ్యను నేను” అన్నాడు మా ఆయన.

“పడని బండి కొందాం.”

“యాడుండాది అట్లాంటి బండి? ఉన్నా మన దుడ్డుకు వస్తాదా?”

“చూడకుండానే రాదంటే ఎట్ల?”

“నువ్వు చూసుకో. నేను చూసేది లేదు.”

ఆ మాట అని ఆయన గుర్రాల వైపు కాకుండా గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. ఆ రెండు గుర్రాలనూ పిల్లలప్పటి నుంచి పెంచింది ఆయనే. అమ్మేస్తే ఆయన పొద్దున లేచి ఏం చేస్తాడన్నది నేను ఏ కాగితం మీదా వేసి చూడలేని లెక్క. అప్పటికి ఆషాఢం వచ్చి నాలుగు రోజులైంది. నాకు ఒక నెల వ్యవధి ఉంది.

నా చదువు ఏడో తరగతితో ఆగింది. ఆ తర్వాత మా నాన్న పనిచేసిన రేషన్ డిపోలో కూర్చుని తూకాలు రాసేదాన్ని. కిలోలు, లీటర్లు, తరుగు, కూడిక, భాగారం అన్నీ అక్కడే పట్టుబడ్డాయి. అందుకే మొదట ఏ బండినీ చూడటానికి పోలేదు. గుర్రాలను కొలిచాను.

పశువుల డాక్టరు ఒకసారి చెప్పిన పద్ధతి ఉంది. ముందుకాళ్ళ వెనక నుంచి ఛాతీ చుట్టూ టేపు పెట్టి ఎన్ని అంగుళాలో చూడాలి. దాన్ని దానితోనే గుణించి, ఒంటి పొడవుతో మళ్ళీ గుణించి, మూడు వందల ముప్పైతో భాగిస్తే పౌండ్లు వస్తాయి. తెల్లదాని చుట్టుకొలత అరవై నాలుగు, పొడవు అరవై. ఏడు వందల నలభై అయిదు పౌండ్లు. సగం చేసి అందులో పదో వంతు తీసేస్తే మూడు వందల ముప్పై అయిదు కిలోలు. ఎర్రది మూడు వందల నాలుగు. తర్వాత దాన్ని లారీలు తూచే వేబ్రిడ్జి మీద నిలబెడితే మూడు వందల పది వచ్చింది. ఆరు కిలోల తేడాకు నేను బాధపడలేదు.

వాలు కూడా కొలిచాను. మా లైన్ ఇళ్ళ వెనక ఒక మట్టికట్ట ఉంది. తెల్లది రోజూ పొద్దున ఎవరూ తోలకుండానే దాన్ని ఎక్కి అవతల గడ్డికి పోతుంది. దారమూ రాయీ కట్టుకుని చూస్తే, ఒకడుగు ఎత్తుకు మూడడుగుల నడక పడింది. గుర్రాలు ఎక్కడానికి బండికి వేసే పలక కూడా అదే వాలులో ఉండాలని రాసుకున్నాను. తనకు అలవాటైన ఏటవాలుకు అది భయపడదు కదా అని.

చీటీ ఎత్తిన డబ్బు రెండు లక్షల ఇరవై వేలు ఉంది. బండి, కాగితాలు, తొట్టికి జారని నేల, పలక, గుర్రాల మధ్య అడ్డం, అన్నీ ఆ హద్దులోనే రావాలి. అప్పు చేసే ఆలోచన లేదు.

మా తమ్ముడు స్కూలు వ్యాను నడుపుతాడు. ఆదివారం చర్చి అయ్యాక ఇద్దరం మొదట క్యాసంబళ్ళిలో పాలక్యాన్లు మోసే ఒక చిన్న బండిని చూశాం. ధర బాగా తక్కువ. వెనక తొట్టి పొడవు ఏడడుగులు. తెల్లది ముక్కు నుంచి తోక మొదలు వరకు ఏడడుగుల పది అంగుళాలు ఉంటుంది.

“ఒకదాన్ని ఎక్కించి ఇంగోదాన్ని వెనకాలే పరిగెత్తించుకుంటా పోదామక్కా” అన్నాడు మా తమ్ముడు.

“నువ్వు దిగి దాని పక్కన పరిగెత్తుతానంటే కొంటా.”

తమక దగ్గర ఒక షెడ్డులో పాత లారీ ఉంది. పద్నాలుగడుగుల తొట్టి. గుర్రాలు అందులో హాయిగా ఉంటాయి, ధర కూడా నా హద్దు లోపలే పలికింది. రెండు రోజులు దాని మీదే మనసు పెట్టుకుని తిరిగాను. కానీ దాని నేల మూడడుగుల పది అంగుళాల ఎత్తులో ఉంది. నా వాలు ప్రకారం పలక పదకొండున్నర అడుగులు కావాలి. అంత పలకను దించడానికీ ఎత్తడానికీ నలుగురు మనుషులు కావాలి, మేమున్నది ఇద్దరం. పైగా పెళ్ళిళ్ళు జరిగే సందుల్లో ఆ లారీ తిరగదు. మూడో రోజు ఆ కాగితం మీద అడ్డంగా గీత గీశాను.

శ్రీనివాసపురంలో మామిడి అయిపోగానే బండ్లు చవకవుతాయని మా తమ్ముడికి తెలుసు. సీజన్ నాలుగు నెలలూ మార్కెట్టు నుంచి బయటికి తోలడానికి కొంటారు, అయిపోయాక ఏడాదంతా ఊరికే పెట్టుకోలేక అమ్ముతారు. మేము పోయేసరికి ఖాళీ క్రేట్లు ఇంటి ఎత్తున పేర్చి ఉన్నాయి. వరిగడ్డి, కుళ్ళిన పండ్ల వాసన. మండీ పెట్టుకున్న ఒక పెద్దాయన తన పికప్ బండి చూపించాడు. తొట్టి తొమ్మిదడుగుల పొడవు, అయిదున్నర వెడల్పు. నేల ఎత్తు రెండడుగుల తొమ్మిది అంగుళాలు. పలక ఎనిమిదడుగుల మూడంగుళాలు చాలు. కాగితం మీద టన్నున్నర మోయవచ్చు. ఎఫ్‌సీ, అంటే బండి రోడ్డు మీద తిరగొచ్చన్న సర్టిఫికెట్టు, ఇంకా పద్నాలుగు నెలలు ఉంది.

“ఐదు సీజన్లు చూసినాదమ్మా. ఒకనాడు దారిలో నిలబడింది లేదు” అన్నాడాయన. “కింద చూడు. కమాను పట్టీలు పక్కకు రెండు ఎక్కువ ఏపించినా. ఎనభై క్రేట్లు ఏసినా వంగదు.”

వంగి చూశాను. చక్రాల దగ్గర ఇరుసు మీద ఇనుప పట్టీలు ఒకదానిపై ఒకటి దట్టంగా పేర్చి ఉన్నాయి. క్రేటు ఇరవై అయిదు కిలోలు. నా రెండు గుర్రాలూ కలిపి ఇరవై ఆరు క్రేట్లకు సమానం. ఎనభై మోసే బండికి ఇరవై ఆరు ఒక బరువా అనుకుని, పట్టీలను లాభం కింద రాసుకున్నాను. ఎన్ని క్రేట్లు మోస్తుందన్న లెక్కలోనే బండిని చూసే ఊళ్ళలో పుట్టినదాన్ని, నాకు వేరే విధంగా తట్టలేదు.

“ఏం ఏస్తావమ్మా దీంట్లో, కాయలా?”

“గుర్రాలు.”

“గుర్రాలు నడుస్తాయి కదమ్మా. వాటికి బండెందుకు?”

“పెళ్ళికొడుకూ నడుస్తాడు. ఆయనకు గుర్రమెందుకు?”

ఆయన నవ్వి భుజం మీది తువాలు తీశాడు. ఆ మండీలో ధరను నోటితో చెప్పరు. తువాలు కింద చేతులు కలిపి, వేళ్ళు నొక్కి చెప్పుకుంటారు. పక్కనున్నవాడికి తెలియకూడదన్నది అక్కడి మర్యాద. ఆడమనిషి చెయ్యి పట్టుకోవడం ఇంకా పెద్ద అమర్యాద కాబట్టి ఆయన తువాలును మా తమ్ముడి వైపు చాపాడు. “నువ్వు చెయ్యియ్యప్పా.”

మా తమ్ముడు చెయ్యి పెట్టాడు. వాడి ముఖం చూస్తే ధర ఎక్కువని తెలిసింది, ఎంత ఎక్కువో తెలియలేదు.

“ఎంతరా?”

“గట్టిగా చెప్పకూడదక్కా.”

“చెవిలో చెప్పు.”

“చెవిలో చెప్పేదానికి తువాలెందుకమ్మా?” అన్నాడు పెద్దాయన.

వినపడని అంకెను నేను దేనిలోంచి తీసివేయాలి? క్రేట్ల మీద గుర్తులు వేసే సుద్దముక్క ఒకటి అక్కడ పడి ఉంది. దాన్ని తీసుకుని బండి వెనక తలుపు మీదే నా లెక్క రాశాను. మొదట రెండు లక్షల ఇరవై వేలు. దాంట్లోంచి పలకకు పద్నాలుగు, నేలకు తొమ్మిది, మధ్య అడ్డానికి ఎనిమిది, పేరు మార్పిడికీ ఇన్సూరెన్సుకూ పదకొండు. కింద గీత గీసి, ఒక లక్షా డెబ్బై ఎనిమిది వేలు అని పెద్దగా రాసి పక్కకు నిలబడ్డాను.

చుట్టూ మనుషులు చేరారు. వెనక నుంచి ఎవరో అన్నారు. “దానికేనా? నాదీ ఉండాది, అదే రేటుకిస్తా. చూస్తావామ్మా?”

పెద్దాయన గబగబా తువాలుతో తలుపు తుడిచాడు. “ఏమమ్మా, నా బండి మీదే రాసి నా మానం తీస్తివి.”

“మీ లెక్క మీరూ రాయండి. కూడికలో తప్పుంటే నేను ఒప్పుకుంటా.”

“నీ ఇంటి పలకకూ అడ్డానికీ నేనెందుకు తగ్గించాల?”

“ఇంతకంటే నా దగ్గర లేదు. ఉండి లేదనడంలా.”

ఆయన ఎనభై అయిదు అన్నాడు, ఎనభై రెండు అన్నాడు. ఈసారి నోటితోనే. నేను డెబ్బై ఎనిమిది దగ్గరే ఉన్నాను. పైన ఒక్క వెయ్యి పెరిగినా పలక పొట్టిదవుతుంది, పలక పొట్టిదైతే వాలు పెరుగుతుంది, తెల్లది ఎక్కదు. ఇదంతా ఆయనకు చెప్పలేదు. కదలకుండా నిలబడ్డాను. మధ్యాహ్నం దాటాక ఆయనే వచ్చి, “సరే తీసుకోమ్మా. ఈ రేటు ఎవురికీ చెప్పొద్దు” అన్నాడు. అప్పటికి ఆ అంకెను ఇరవై మంది చదివారు.

పని తొందరగా సాగింది. పాత సామాన్లు అమ్మే గుజరీ అంగడిలో కన్వేయర్ బెల్టు రబ్బరు దొరికింది. ఇనుపరేకు కనపడకుండా నేలంతా పరిపించాను. తడి చేసి, మీద ఎర్రదాన్ని నడిపించి, డెక్కలు జారడం లేదని చూసుకున్నాను. మధ్య అడ్డానికి గోనెసంచులు చుట్టాం. తర్వాతి ఆదివారం ఎర్రదాన్ని ఒక్కదాన్నే ఎక్కించి బేతమంగళం దారిలో పోయి రావాలనుకున్నాం. అది దేనికీ బెదరదు. నేను వెనక దానితోనే నిలబడ్డాను.

మొదటి స్పీడు హంపు దగ్గరే నేల పైకి వచ్చి కాళ్ళను తన్నినట్టయింది. ఎర్రది నాలుగు కాళ్ళూ వెడల్పుగా చాపింది. రెండోదానికి దాని తల అడ్డానికి తగిలింది.

“మెల్లగా పోరా” అని క్యాబిన్ కిటికీ కొట్టాను.

“మెల్లగానే పోతా ఉండానక్కా. ఇంగా మెల్లగా అంటే దిగి తోసుకుంటా పోవాల.”

అయిదు కిలోమీటర్లకే వెనక్కి తిప్పించాను. ఇంటికి వచ్చేసరికి ఎర్రదాని మెడా పక్కలూ తడిసి నల్లబడ్డాయి. పన్నెండు రోజులు మిగిలి ఉన్నాయి. బండికి డబ్బు ఇచ్చేశాను. మా తమ్ముడి తప్పు కాదని నాకు తెలుసు, అయినా వాడిని ఇంకో మాట అన్నాను. వాడు నీళ్ళు తేవడానికి పోయాడు.

బండి తెచ్చిన రోజు నుంచి మా ఆయన దాని వైపు వీపు పెట్టే కూర్చునేవాడు. ఎర్రదాని ఊపిరి విని మొదటిసారి లేచి వచ్చాడు. దాని మెడ నిమిరి, చేతికర్ర నాకు ఇచ్చి, బండి పట్టుకుని కష్టంగా వంగాడు. చాలాసేపు చక్రం వెనక చూస్తూ ఉన్నాడు.

“ఎన్ని క్రేట్ల బండి ఇది?”

“ఎనభై.”

“నువ్వు ఎన్ని ఏసినావు?”

“పన్నెండు. రెండూ ఎక్కితే ఇరవై ఆరు.”

“ఎనభైకి కట్టిన పట్టీలు పన్నెండుకి ఎందుకు వంగుతాయే? అవి వంగకపోతే దెబ్బ యాడికి పోవాల? గుర్రం కాళ్ళకే పోతాది.”

మామిడికాయలకు కాళ్ళు లేవు. దెబ్బ తగిలినా నిలబడాల్సిన పని వాటికి లేదు. నేను లాభం కింద రాసుకున్న పట్టీలే నష్టం. ఆ కాగితం తీసి చూశాను, కూడికలన్నీ సరిగానే ఉన్నాయి. దానికే ఎక్కువ సిగ్గయింది.

ఇసుక మూటలు వేసి బరువు పెంచుదామన్నాడు మా తమ్ముడు. నాలుగైదు క్వింటాళ్ళ ఇసుకను ఏడాది పొడుగునా మోస్తే ఎంత డీజిలవుతుందో లెక్కవేసి వద్దన్నాను. అదనంగా వేయించిన పట్టీలు పక్కకు రెండు చొప్పున తీయించేయాలి. కాగితం మీద రాసిన టన్నున్నరకు అసలు పట్టీలు చాలు. రబ్బరు, అడ్డం, పలక, మేమంతా కలిసినా టన్ను దాటం. మెకానిక్కు ఇవ్వడానికి నా హద్దులో ఒక్క రూపాయి మిగల్లేదు. తీసిన నాలుగు పట్టీలూ మజూరీ కింద అతన్నే తీసుకోమన్నాను. అతను ఒకదాన్ని చేత్తో ఎత్తి, మందం చూసి, ఒప్పుకున్నాడు.

ఈసారి నా మాట నేనే నమ్మదలుచుకోలేదు. పట్టీలు తీసేముందు ఒక బకెట్టు నిండా నీళ్ళు పోసి, తొట్టి మధ్యలో పెట్టి, ఎర్రదాన్ని ఎక్కించకుండా దాని బరువుకు సరిపడా బియ్యం మూటలు వేసి, అదే దారిలో అయిదు కిలోమీటర్లు పోయాం. దించి చూస్తే నీళ్ళు ఆరు వేళ్ళు తగ్గాయి. పట్టీలు తీశాక అదే బకెట్టు, అవే మూటలు, అదే దారి. రెండు వేళ్ళు. అప్పుడు ఎర్రదాన్ని ఎక్కించాం. పొడి ఒంటితో దిగింది.

“బకెట్టును ఊరేగింపుకు పంపిస్తావా ఏమి?” అన్నాడు మా ఆయన. ఆ మాట అంటూ బండి వైపు తిరిగే కూర్చున్నాడు.

ఇక తెల్లది మిగిలింది. ఎనిమిదడుగుల మూడంగుళాల పలక దించి, ఎర్రదాన్ని లోపల కట్టి, దాన్ని తీసుకొచ్చాను. వాలు మట్టికట్ట వాలే. ముందుకాలు పెట్టింది. డెక్క పడగానే పలక డోలులా మోగింది. వెంటనే కాలు తీసేసింది. చెవులు వెనక్కి పోయాయి. ఇంకో అరగంట నిలబడ్డా అదే. వాలు కొలిచాను, పొడవు కొలిచాను, చప్పుడు కొలవాలని నాకు తోచలేదు.

పలక కింద మూడు చోట్ల కొబ్బరిపీచు కుక్కిన గోనెసంచులు బిగించి, పైన మిగిలిన రబ్బరు పరిచి మేకులు కొట్టాం. చప్పుడు పోయింది. బలవంతం చేయొద్దని మా ఆయన చెప్పాడు. రోజుకు రెండుసార్లు పలక దాకా తీసుకుపోయి, ఎన్ని కాళ్ళు పెడితే అన్నింటికి ఒక గుప్పెడు ఉలవలు. మొదటి రోజు రెండు కాళ్ళు. రెండో రోజు కూడా రెండే. మూడో రోజు ఒకటి, ఎందుకో తెలియదు. ఆ రోజు హొసకోటె ఆయన ఫోన్ చేసి, శుక్రవారం పదింటికల్లా వస్తానని గుర్తుచేశాడు. సరేనన్నాను. నాలుగో రోజు నాలుగు కాళ్ళూ పెట్టి పలక మధ్యలో నిలబడి, లోపలున్న ఎర్రదాన్ని చూసి సకిలించి, వెనక్కి దిగింది. అయిదో రోజు పొద్దున నేను ఉలవల గిన్నె ఎర్రదాని పక్కన పెట్టి, పగ్గం వదులుగా పట్టుకుని, వెనక్కి చూడకుండా ముందు నడిచాను. నా వెనక రబ్బరు మీద డెక్కలు మెత్తగా పడుతున్నాయి. గిన్నె దగ్గర ఆగాను. అది నా భుజం మీదుగా తల వంచి తినడం మొదలుపెట్టింది.

గురువారం తమకలో పెళ్ళి. శ్రావణంలో మా మొదటి బేరం. మధ్యాహ్నం మూడింటికి బయలుదేరాం. మా ఆయన ఎవరూ పిలవకుండానే ముందు సీట్లో ఎక్కి చేతికర్రను కాళ్ళ మధ్య పెట్టుకున్నాడు. నేను వెనక రెండు గుర్రాల తలల దగ్గర నిలబడ్డాను. మొదటి హంపుకు తెల్లదాని పక్కలు బిగిశాయి. రెండోదానికీ బిగిశాయి. బండి ఒకసారి కిందికి ఊగి నిదానంగా పైకి వచ్చింది. నాలుగో హంపు తర్వాత అది బరువును వెనక కాలి మీదికి మార్చి గడ్డి కోసం వెతికింది. మలుపుల్లో అడ్డానికి ఆనుకుంది, జారలేదు. గంటన్నర ప్రయాణంలో నేను దాని మోకాళ్ళ నుంచి కళ్ళు తీయలేదు.

కల్యాణమంటపం దగ్గర బండి ఆగగానే మా ఆయన మాకంటే ముందే దిగి వెనక్కి వచ్చాడు. పలక దించారు. తెల్లది తలుపు దగ్గర ఒక క్షణం ఆగి, చుట్టూ చూసి, మట్టికట్ట దిగినట్టే దిగింది. ఆయన జూలు కింద, ఛాతీ మీద, ముందుకాళ్ళ వెనక అరచెయ్యి పెట్టి చూశాడు. చెయ్యి తీసి తన చొక్కాకు తుడుచుకోబోయి, తుడవడానికి చెమటేమీ లేక ఊరుకున్నాడు.

“నీళ్ళు తేప్పా. ముందు తెల్లదానికి” అన్నాడు మా తమ్ముడితో. తర్వాత నా వైపు చూడకుండా, “హొసకోటె ఆయనకు ఫోన్ చెయ్యి. పాపం, రేపు పొద్దున్నే బయలుదేరతాడు” అన్నాడు.

బ్యాండువాళ్ళు దిగుతున్నారు. నేను కొంచెం పక్కకు పోయి ఫోన్ చేశాను.

“మేము అమ్మడం లేదన్నా. మీరు రావొద్దు.”

“ఏమమ్మా, రేటు చాల్లేదా?”

“రేటు సరిగానే చెప్పినారు. గుర్రాలు మాకు కావాల.”

“అట్లంటే ఎట్లమ్మా. ఇంగొంచెం ఏసి చెప్తా, విను...”

ఫోన్ పెట్టేశాను. మా ఆయన జీను తెమ్మని చెయ్యి ఊపుతున్నాడు.

“ఎంత పెంచినాడు?”

“వినలా.”

“నువ్వా?” అని, ఆయన జీను పట్టీ ఒక కొస నాకిచ్చాడు. చెరో వైపు నిలబడి బిగించాం.